పురిటిబిడ్డ తొలి నెల: ఇంట్లో చూసుకోవలసినవి, ఆసుపత్రికి బయలుదేరవలసిన వేళలు

పుట్టిన మొదటి 28 రోజుల్లో బిడ్డకు వచ్చే జబ్బు పెద్దవాళ్ల జబ్బులా బయటపడదు. రక్తంలో ఇన్‌ఫెక్షన్ చేరిన పసిబిడ్డకు దగ్గు ఉండకపోవచ్చు, జ్వరం కూడా రాకపోవచ్చు. పైగా ఒళ్లు చల్లబడవచ్చు, నిన్నటిదాకా రొమ్ము అందగానే ఆబగా తాగిన బిడ్డ ఇవాళ నాలుగు గుక్కలకే వదిలేసి మగతలోకి జారిపోవచ్చు. ఆ తేడా ముందుగా తెలిసేది పాలిచ్చే తల్లికి. అయితే మన ఇళ్లలో పురిటిగది పెత్తనం అమ్మమ్మది, నీళ్లు పోసే ఆవిడది, చూడడానికి వచ్చిన పెద్దమ్మలది. బిడ్డ సరిగా తాగడం లేదని బాలింత అంటే, అది ‘నీకు పాలు లేవు’ అనే తీర్పుగా మారి, సాయంత్రానికి డబ్బాపాలు ఇంటికి వస్తాయి. తొలి నెలలో బిడ్డ పాలు తాగే తీరు మారితే దానిని జబ్బుగానే ఎంచాలి, ఆ విషయంలో తల్లి మాటకు మించిన సాక్ష్యం లేదు. ఈ వ్యాసంలోని తక్కిన సలహాలన్నీ ఈ మాటను ఆనుకునే ఉంటాయి.

కాన్పుకు ముందే చూసుకోవలసినవి

గోదావరి డెల్టాలో ఆసుపత్రి దూరం కాదు, మధ్యలో ఏరు ఉంటుంది. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య లంకల్లో ఉండేవారికి వేసవిలో అరగంట ప్రయాణం శ్రావణంలో పూటంతా పట్టవచ్చు. ధవళేశ్వరం వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది ఇస్తారు. కొన్ని లంకల కాజ్‌వేలు మొదటి హెచ్చరిక రాకముందే మునుగుతాయి. 2022 జులైలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లోని ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కాబట్టి జులై నుంచి సెప్టెంబరు మధ్యలో నెలలు నిండే గర్భిణి పుట్టిల్లు లంకలో ఉన్నట్లయితే, ఆనవాయితీ ఏదైనా సరే, కాన్పుకు రెండు మూడు వారాల ముందు నుంచి బిడ్డకు నెల నిండేవరకు గట్టున, ఆసుపత్రికి రోడ్డు ఉన్న ఊళ్లో, బంధువుల ఇంట ఉండడం మేలు. పురుడు పుట్టింట్లోనే జరగాలన్న పట్టింపు మంచిదే గాని, అది పంటు మీదా పడవ మీదా ఆధారపడకూడదు.

తల్లి రక్తం గ్రూపు ముందే తెలిసి ఉండాలి. ఆమెది నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయితే కాన్పు అయిన 72 గంటల లోపు తల్లికి యాంటీ-డి ఇంజెక్షను పడాలి. తల్లిది ‘O’ గ్రూపు అయినప్పుడు బిడ్డకు కామెర్లు ముదిరే అవకాశం కొంత ఎక్కువని గుర్తుంచుకోవాలి. మేనరికపు పెళ్లిళ్లు మన వైపు ఇంకా ఉన్నాయి కనుక ఆ సంబంధం సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి. థైరాయిడ్ లోపానికి రక్తపరీక్ష, వినికిడి పరీక్ష ఏ బిడ్డకైనా మంచివే. మేనరికపు సంతానానికి వాటిని వదిలిపెట్టనే కూడదు.

ఇంకొక సంగతి చాలామందికి తట్టదు. పెద్దబిడ్డ నాటి చొక్కాలు, పాత మెత్తని చీరల పొత్తిళ్లు బీరువాలో కలరా ఉండల మధ్య దాచి ఉంటాయి. ఆ ఉండల్లోని నాఫ్తలీన్, జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న బిడ్డల్లో ఎర్రరక్తకణాలను చితికిపోయేలా చేసి కామెర్లను ఒక్కసారిగా పెంచుతుంది. బిడ్డకు ఆ లోపం ఉన్నదీ లేనిదీ ముందుగా తెలియదు. అందుచేత ఆ బట్టలను నెల ముందే తీసి, రెండుసార్లు ఉతికి, మంచి ఎండలో ఆరవేసి, ఉండలు లేని చోట పెట్టుకోవాలి.

పుట్టిన రోజు

బిడ్డ ఏడ్చి ఊపిరి అందుకున్న వెంటనే ఒళ్లు తుడిచి తల్లి గుండెల మీద బోర్లా పడుకోబెట్టి, ఇద్దరికీ కలిపి గుడ్డ కప్పాలి. గంట లోపు రొమ్ము పట్టించాలి. పసుపుపచ్చగా, చిక్కగా వచ్చే ముర్రుపాలను పిండి పారబోసే అలవాటు తగ్గినా పోలేదు. చెంచాడే వచ్చినా రోగనిరోధక శక్తిని ఇచ్చేవి ఆ పాలే, మొదటి రోజు బిడ్డ పొట్టకు ఆ చెంచాడే చాలు. తేనె నాకించడం, పంచదార నీళ్లు, ఆముదం పట్టడం, వసకొమ్ము అరగదీసి పోయడం, వీటిలో ఏదీ వద్దు. తేనెలో ఉండగల బోట్యులిజం క్రిమిబీజాలు ఏడాది లోపు పిల్లల పేగుల్లో విషం పుట్టించి కండరాలను చచ్చుబడేలా చేస్తాయి. వస నాకించిన పసిబిడ్డలు వాంతులతోనూ మగతతోనూ ఆసుపత్రులకు వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

ఇంటికి పంపేముందు నాలుగు సంగతులు అడిగి కాగితం మీద చూసుకోవాలి: విటమిన్-కె ఇంజెక్షను వేశారా, బీసీజీ టీకా, పోలియో చుక్కలు, 24 గంటల లోపు వేయవలసిన హెపటైటిస్-బి టీకా పడ్డాయా, పుట్టిన బరువు ఎంత, కామెర్లకు మళ్లీ ఎప్పుడు చూపించాలి. మొదటి 24 గంటల్లో నల్లని జిగట విరేచనం, 48 గంటల లోపు మూత్రం కావాలి. కాకపోతే ఇంటికి తీసుకుపోకుండా అక్కడే చెప్పాలి.

పాలు చాలుతున్నాయో లేదో తెలిసేదెలా

ఏడుపును బట్టి పాలు చాలడం లేదని తేల్చకూడదు. పొత్తిళ్లు లెక్కపెట్టాలి. ఐదవ రోజు నుంచి పగలూ రాత్రీ కలిపి ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తూ, విరేచనం నలుపు నుంచి ఆకుపచ్చకు, ఆపైన పసుపుకు మారితే పాలు చాలుతున్నట్లే. మొదటి వారంలో పుట్టిన బరువులో పదవ వంతు దాకా తగ్గి, రెండు వారాలకు తిరిగి రావడం మామూలే. అంతకు మించి తగ్గినా, నాలుగైదు రోజులు గడిచాక కూడా పొత్తిలి మీద ఇటుకపొడి రంగు మరక కనిపిస్తున్నా బిడ్డకు పాలు అందడం లేదని అర్థం. అప్పుడు చూడవలసింది డబ్బా వైపు కాదు, బిడ్డ రొమ్ము పట్టే తీరు వైపు. చనుమొన ఒక్కటే కాక దాని చుట్టూ ఉన్న నల్లని భాగం చాలామటుకు నోట్లోకి పోవాలి, గడ్డం రొమ్మును తాకాలి, మింగిన చప్పుడు వినపడాలి. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు ఇవ్వాలి, రాత్రి కూడా ఇవ్వాలి. ఆరు నెలల వరకు మంచినీళ్లు సైతం అక్కరలేదు, రోహిణీకార్తె ఎండల్లోనైనా సరే.

నెలలు నిండక పుట్టి రొమ్ము పీల్చే సత్తువ లేని బిడ్డకు మన ఉగ్గుగిన్నెను మించిన సాధనం లేదు. శుభ్రంగా కడిగిన గిన్నెలోకి తల్లి తన పాలు పిండి, బిడ్డను కాస్త కూర్చున్నట్లు ఒడిలో ఆనించుకొని, గిన్నె ముక్కును పెదవి మూలన ఉంచి కొంచెం కొంచెంగా వంచాలి. మింగాకనే మళ్లీ వంచాలి. గిన్నెను నీళ్లలో వేసి పది నిమిషాలు మరిగించి ఆరబెట్టుకోవాలి. పాలసీసాకు, దాని రబ్బరు పీకకు ఆ శుభ్రత తేవడం కష్టం. వరదల్లో పునరావాస శిబిరాలకు వచ్చే పాలపొడిని పాలిచ్చే తల్లులకు పంచడం ఈ కారణంగానే ప్రమాదం: కలపడానికి అక్కడ దొరికేది ఆ వరద నీరే.

పథ్యం పేరుతో బాలింతకు రోజూ ఒకటే కారప్పొడి అన్నం పెట్టి, దాహమన్నా గుక్కెడు నీళ్లతో సరిపెట్టడం మన పెద్దల పొరపాటు. ఆమె కడుపునిండా తినాలి, దాహం తీరా కాచి చల్లార్చిన నీళ్లు తాగాలి, పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప అన్నీ తినవచ్చు. ఆమెకు జ్వరం వచ్చినా, రక్తస్రావం ఎక్కువైనా, రొమ్ము గట్టిపడి ఎర్రబడినా బిడ్డతో పాటు ఆమెనూ చూపించాలి.

నీళ్లు పోసే వేళ

ఈ తంతును దగ్గరగా చూస్తే మంచీ చెడూ ఎంతగా కలిసిపోయి ఉంటాయో తెలుస్తుంది. నీళ్లు పోసే ఆవిడ పీట మీద కూర్చొని కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకొని, ఒంటికి నూనె రాసి కాళ్లూ చేతులూ నెమ్మదిగా సాగదీస్తుంది. ఇంతవరకు అంతా మేలే. కోనసీమ కొబ్బరినూనెతో మెత్తని చేత్తో చేసే మర్దనా పసిచర్మానికి మంచిది. ఆపైన ముక్కుల్లో, చెవుల్లో రెండేసి నూనె చుక్కలు వేస్తుంది, ముక్కులోకి నోటితో ఊదుతుంది, కళ్లె తీయాలని ఆముదపు వేలు గొంతులోకి పోనిస్తుంది, బిడ్డ రొమ్ములు ఉబ్బి ఉంటే పాలు పిండుతుంది. ఈ నాలుగూ మానిపించాలి. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. తల్లి హార్మోన్ల వల్ల ఉబ్బిన రొమ్ములు కొద్ది వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పిండితే మాత్రం చీముగడ్డ కడతాయి. చివరన బుట్ట బోర్లించి పట్టే సాంబ్రాణి పొగ జుట్టు ఆరబెట్టడానికట. తువ్వాలుతో తుడిచినా ఆ జుట్టు ఆరుతుంది. ఆవిడను మానిపించవలసిన పని లేదు. ఆమె చేతి నేర్పును ఉంచుకొని, ఏది చేయకూడదో మొదటి రోజే ఇంటి పెద్ద నోట మర్యాదగా చెప్పించాలి. బాలింత చేత చెప్పిస్తే ఆ మాట చెల్లదు.

పుట్టిన 24 గంటల వరకు స్నానం చేయించకూడదు. బొడ్డు ఊడేవరకు తడిగుడ్డతో తుడిస్తే చాలు, బరువు తక్కువ బిడ్డకు ఇంకా కొన్నాళ్లు అదే పాటించాలి. బొడ్డుకు పసుపు, బూడిద, కొబ్బరినూనె, పౌడరు ఏదీ పెట్టకుండా పొడిగా గాలి తగలనిస్తే ఐదు నుంచి పదిహేను రోజుల్లో రాలిపోతుంది. చుట్టూ చర్మం ఎర్రబడినా, చీము కారినా, దుర్వాసన వచ్చినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. కాటుక కంట్లో పెట్టవద్దు. దిష్టికి అరికాలిలో చుక్క పెట్టినా అది చేతికీ నోటికీ అంటకుండా చూసుకోవాలి, కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది.

కామెర్లు

నూటికి సగానికి పైగా బిడ్డల్లో రెండవ మూడవ రోజున కళ్లూ ముఖమూ పచ్చబడి, మూడు నుంచి ఐదు రోజుల మధ్య ఎక్కువై, రెండు వారాల్లో తగ్గిపోతుంది. ఇది సహజం. ఇలా తగ్గిపోయేవే ఎక్కువ కావడం వల్ల ఆకుపసరుకీ, మెడలో కామెర్ల దండకీ పేరు వచ్చింది. తగ్గనివి మెదడుకు చేరితే చెవుడు, కాళ్లూ చేతులూ బిగుసుకుపోయే అవిటితనం మిగులుతాయి, వాటిని వెనక్కు తీసుకురాలేము.

పచ్చదనాన్ని రాత్రి దీపం కింద చూసి తేల్చవద్దు. పొద్దున్నే వీధి అరుగు మీదనో, కిటికీ పక్కనో పగటి వెలుతురులో బట్టలు విప్పి, వేలితో నుదుటి మీద, తరువాత రొమ్ము మీద, బొడ్డు కింద, తొడ మీద, అరికాలిలో వరుసగా నొక్కి వదలాలి. వేలు తీసిన క్షణంలో అక్కడి రంగు పచ్చగా కనిపిస్తే పచ్చదనం అంతవరకు దిగినట్లు. ముఖం దగ్గర మొదలై కాళ్ల వైపు దిగడం దాని తీరు. రోజురోజుకూ ఎంత దిగుతోందో గమనించాలి. నల్లని ఛాయ బిడ్డల్లో చర్మం కంటే కనుగుడ్లు, చిగుళ్లు చూడడం మేలు.

పుట్టిన 24 గంటల లోపే పచ్చబడినా, అరచేతులకూ అరికాళ్లకూ దిగినా, బిడ్డ మగతగా ఉండి పాలు మానినా, కీచుగా ఏడ్చినా, వీపును విల్లులా వెనక్కు వంచినా ఆ పూటే ఆసుపత్రిలో ఉండాలి. ఆసుపత్రిలో నీలికాంతి కింద ఉంచితే చర్మంలోని పసుపు పదార్థం శరీరం బయటకు పంపగల రూపంలోకి మారుతుంది. పొద్దుటి ఎండలో పడుకోబెట్టడం దానికి బదులు కాదు, పైగా మన ఉక్క ఎండలో బిడ్డ ఒంట్లో నీరు ఇంకిపోతుంది. రెండు వారాలు దాటినా పచ్చదనం పోకపోతే విరేచనం రంగు చూడాలి. అది సున్నం కలిపినట్లు తెల్లగా ఉండి, మూత్రం పొత్తిలికి ముదురు పసుపు మరక అంటిస్తుంటే పైత్యనాళం మూసుకుపోయి ఉండవచ్చు. ఆ బిడ్డకు శస్త్రచికిత్స 60 రోజుల లోపు జరిగితేనే ఫలితం బాగుంటుంది. ‘నెమ్మదిగా తగ్గుతుందిలే’ అని నెలలు గడపడం వల్ల కాలేయం పాడైన పిల్లలు ఉన్నారు.

ఊపిరి, వేడి

బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకి తీసి, పొట్ట లేచి పడడాన్ని గడియారం పెట్టుకొని పూర్తి నిమిషం లెక్కించాలి. అరనిమిషం లెక్కించి రెట్టింపు చేస్తే తప్పుతుంది, ఎందుకంటే పసిబిడ్డ వేగంగా నాలుగు ఊపిరులు తీసి, కొన్ని క్షణాలు ఆగి, మళ్లీ తీస్తుంది. అరవైకి తక్కువ అయితే మామూలు. అరవై గాని, అంతకు మించి గాని ఉంటే ఒకసారి మళ్లీ లెక్కించాలి, మళ్లీ అలాగే ఉంటే బయలుదేరాలి. డొక్కలు ఎగరేస్తున్నా, ముక్కుపుటాలు అదురుతున్నా, ప్రతి ఊపిరికీ మూలుగు వినిపిస్తున్నా, పెదవులూ నాలుకా నీలంగా మారినా లెక్కలు అక్కరలేదు. దీనిని పక్షిదోషమనో, బాలగ్రహమనో అంత్రం కట్టించడానికి తీసుకుపోతే పోయేది సమయమే. కట్టించాలనుకుంటే ఆసుపత్రి నుంచి వచ్చాక కట్టించుకోవచ్చు.

చంకలో పెట్టిన థర్మామీటరులో 97.7 నుంచి 99.5 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉండడం ఆరోగ్యం. వేసవిలో తలుపులు, కిటికీలు మూసిన పురిటిగదిలో మూడు దుప్పట్లు చుట్టిన బిడ్డకు ఒళ్లు కాలడం వింత కాదు. చుట్టినవి విప్పి, పాలిచ్చి, ఫ్యాను గాలి నేరుగా తగలని చోట అరగంట ఉంచి మళ్లీ చూడాలి. అప్పటికీ 99.5 దాటి ఉంటే డాక్టరుకు చూపించాలి. 100.4 ఉంటే అరగంట కూడా ఆగవద్దు, పారాసిటమాల్ చుక్కలు సొంతంగా వేయవద్దు. పుష్యమాసపు చలిలో, వాన ముసురులో దీనికి ఎదురు సంగతి జరుగుతుంది: పాదాలు ముట్టుకుంటే చల్లగా, పొట్ట కూడా చల్లగా ఉంటుంది. అప్పుడు బిడ్డకు టోపీ, గుడ్డ తప్ప మరేమీ లేకుండా తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా నిలువుగా ఆనించి పైన దుప్పటి కప్పాలి. గంటలో వేడెక్కకపోయినా, 95.9 కంటే తక్కువ ఉన్నా అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. తక్కువ బరువు బిడ్డను తండ్రి, అమ్మమ్మ కూడా ఇలా గుండెకు ఆనించుకోవచ్చు. జలుబు చేసిందని కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి రొమ్ముకు రాయకూడదు, పసివాళ్లలో అది ఫిట్స్ తెప్పిస్తుంది.

కంగారు పడనక్కరలేనివి

ఎక్కిళ్లు, తుమ్ములు, పాలు తాగాక కాస్త కక్కడం, తాగిన ప్రతిసారీ విరేచనం కావడం, పిరుదుల మీద నీలి మచ్చలు, రెండవ మూడవ రోజున వచ్చిపోయే ఎర్రని దద్దుర్లు, ఆడబిడ్డకు మొదటి వారంలో కనిపించే రెండు చుక్కల రక్తం, ఇవన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. కక్కినది ఆకుపచ్చగా ఉంటే మాత్రం పేగు మెలిపడి ఉండవచ్చు, అది క్షణం ఆగని ప్రమాదం.

చూడవచ్చేవారు, ఉయ్యాల, దోమలు

పదకొండవ రోజు పురిటిస్నానం వరకు బయటివారిని రానివ్వని పాత కట్టుబాటులో వైద్యం ఉంది. బారసాల 21వ రోజున చేసుకున్నా, బిడ్డను చేతులు మారకుండా తల్లి ఒడిలోనే ఉంచి అక్షింతలు వేయించవచ్చు. జలుబు ఉన్నవారు, పెదవి మీద పొక్కు ఉన్నవారు ముద్దు పెట్టకూడదని చెప్పడానికి మొహమాటపడవద్దు. పెద్దలకు చిన్న పొక్కుగా ఉండే హెర్పిస్ పురిటిబిడ్డ మెదడుకు పాకగలదు. నిద్రపుచ్చేటప్పుడు గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు, మెడ వంగి గడ్డం రొమ్ముకు ఆనే చీర ఉయ్యాల నిద్రకు తగవు. కాలువల ఊళ్లలో దోమలు తప్పవు గనుక పక్కకు తెర కట్టాలి. కాయిల్ పొగ గదిలో ఉంచవద్దు.

ఆసుపత్రిలో కాన్పు అయిన బిడ్డ కోసం ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. ఆమె వచ్చినప్పుడు తూకం వేయించి, ఆ అంకె కార్డులో రాయించుకోవాలి. ఆరవ వారం టీకాల తేదీ అక్కడే అడగాలి. 34 వారాలకు ముందు పుట్టిన, లేదా 2 కిలోల లోపు ఉన్న బిడ్డకు 30 రోజుల లోపు కంటి రెటీనా పరీక్ష జరగాలి, ఆలస్యమైతే చూపే పోతుంది.

బయలుదేరేటప్పుడు

పాలు మానడం, మగత, ఫిట్స్, ఊపిరి కష్టం, నీలం రంగు, పైన చెప్పిన కామెర్ల గుర్తులు, ఒళ్లు కాలడం లేదా చల్లబడడం, ఆకుపచ్చ వాంతి. వీటిలో ఒక్కటి చాలు, రెండవదాని కోసం ఎదురు చూడవద్దు. తెల్లవారనివ్వడం, దుర్ముహూర్తం దాటనివ్వడం పనికిరాదు. ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షను వేయించి రాత్రి చూద్దామనుకోవడమే అన్నిటికంటే ఎక్కువ చేటు. 108కి ఫోను చేసి ‘ఇన్ని రోజుల పసిబిడ్డ’ అని మొదటి మాటగా చెప్పాలి. లంకలో ఉంటే ఫోను చేస్తూనే రేవు వైపు నడవాలి, అంబులెన్సును గట్టుకు రమ్మనాలి.

దగ్గరి ఆసుపత్రిలో పసిపిల్లల డాక్టరు ఉన్నారో లేదో ముందే కనుక్కొని ఉంచుకోవాలి. కాకినాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రిలోనూ, రాజమహేంద్రవరం, ఏలూరు పెద్దాసుపత్రుల్లోనూ పురిటిబిడ్డల ప్రత్యేక చికిత్సా విభాగాలు ఉన్నాయి. ఏడాది లోపు బిడ్డకు ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం, మందులు, రవాణా జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఉచితం. దారిలో బిడ్డను బుట్టలోనో, వేరే చేతుల్లోనో కాక తల్లి గుండెకు ఆనించి తీసుకుపోవాలి, మింగగలిగితే పాలు పట్టిస్తూ ఉండాలి. తల్లి లేకుండా బిడ్డను పంపకూడదు. డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు, తల్లి రక్తం గ్రూపు చీటీ, పాలు చివరిసారి బాగా తాగిన వేళ, మూత్రం చివరిసారి పోసిన వేళ రాసిన కాగితం ఒక సంచిలో మొదటి రోజు నుంచే తలుపు దగ్గర తగిలించి ఉంచుకుంటే, అర్ధరాత్రి వేళ డాక్టరు మొదట అడిగే ప్రశ్నలకు జవాబులు అందులోనే ఉంటాయి.